అన్నం పెట్టని మేడ

కువైట్ ఊళ్లో, షర్గ్ అనే పేటలో సముద్రం వైపున్న ఆ టవర్ కట్టిన మేస్త్రీని దాని లోపల కూర్చోనివ్వలేదు. ఆయన ఉద్యోగం అడగలేదు, సాయం అడగలేదు. తాను కట్టిన చోట కూర్చొని ఒక్క పూట అన్నం తినాలన్నాడు. కుదరదన్నారు. జరిగిన అన్యాయం ఇదే.

ఇదీ ఒక అన్యాయమేనా అని నవ్వేవాళ్లు మా బిల్డింగ్‌లోనే ఉన్నారు. వాళ్ల కోసం ముందు మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి.

రాయచోటి, కడప పక్కల ఎవరైనా ఇల్లు కట్టుకుంటే, కొత్తింట్లో చేరే రోజు మేస్త్రీని పిలుస్తారు. కొత్త పంచె భుజాన వేస్తారు. బంధువులకంటే ముందు ఆయనకు విస్తరి వేసి, ఇల్లుగలాయన దగ్గరుండి వడ్డిస్తాడు. కూలి ఎప్పుడో ముట్టి ఉంటుంది, దానికీ ఈ అన్నానికీ సంబంధం లేదు. మేస్త్రీ తిని లేచేదాకా ఆ ఇల్లు ఇంకా ఆయన చేతిలోనే ఉన్నట్టు లెక్క. తిని చెయ్యి కడిగాక ఇల్లుగలవాళ్లదవుతుంది. మా మేస్త్రీ రాయచోటి ముసల్మాను. విస్తరి ముందు ఆయన బిస్మిల్లా అనుకునేవాడు, ఎదురుగా ఇల్లుగలాయన గోవిందా అనుకునేవాడు, పప్పు మాత్రం ఇద్దరికీ ఒకే గుండిగలోది.

నేను ఆయన కింద సెంట్రింగ్ కూలీగా కువైట్ వచ్చాను. స్లాబ్ కింద చెక్కలు కొట్టడం, పోట్లు, అంటే ఊతకర్రలు, నిలబెట్టడం, కాంక్రీటు గట్టిపడ్డాక అవన్నీ ఊడదీయడం మా పని. నాకు బడి లేదు. రూములో అన్నం తినేటప్పుడు కింద పరిచే పాత పేపర్లలో ఇంగ్లీషు నేర్చుకున్నాను, లారీల వెనక రాతల్లో అరబ్బీ అక్షరాలు పట్టుకున్నాను. ప్రపంచంలోని వార్తలన్నీ కూర మరకల మధ్య చదివినవాణ్ణి. అందుకే చాలా వార్తలకు చివర ఏమైందో నాకిప్పటికీ తెలియదు. నడుము పోయాక సెంట్రింగ్ మానేసి హారిస్‌నయ్యాను. హారిస్ అంటే బిల్డింగ్ కాపలావాడు. ఆ టవర్‌కు ఎదురుగా, వీధికి ఇవతల, ఎప్పుడు పడగొడతారో తెలియని నాలుగంతస్తుల పాత బిల్డింగ్ నాది. నాది అంటే, చీపురూ తాళంచెవులూ నావి.

మేస్త్రీ ఈ దేశంలో మొట్టమొదట చేసిన పని కూడా ఈ వీధిలోనే. అప్పుడిక్కడ ఒక పాత ఇల్లు ఉండేది. నడిమధ్య వాకిలి, వాకిట్లో రేగుచెట్టు. పైన ఒక గది వేసి, బయటినుంచి మెట్లు కట్టమన్నారు. నేను అప్పటికి పోటు నిటారుగా నిలబెట్టడం కూడా సరిగా రానివాణ్ణి. స్లాబ్ పోసిన రోజు ఆ ఇంటాయన గొర్రెను కోయించాడు. పెద్ద తాంబాళం నిండా మచ్బూస్, అంటే వాళ్ల మాంసం పులావు, వాకిట్లోకి వచ్చింది. మేము గోడ పక్కన ఒదిగి నిలబడ్డాం. ఇంటాయన, ఆయన తమ్ముళ్లు కూర్చోబోతుంటే తలుపు వెనకనుంచి ఇంటావిడ గొంతు వినిపించింది. నాకు అప్పటికి అరబ్బీ ముక్క రాదు. తాంబాళం ఆ మగవాళ్ల ముందునుంచి లేచి వచ్చి మేస్త్రీ ముందు వాలినప్పుడు అర్థమైంది. ‘ముందు ఉస్తాద్ తినాలి’ అన్నదట. మేస్త్రీని వాళ్లు ఉస్తాద్ అంటారు.

మేస్త్రీ ఒక ముద్ద తిని కళ్లు తుడుచుకున్నాడు. ఘాటుగా ఉందన్నాడు. మా నోటికి ఆ అన్నంలో కారమే లేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు అలాగే గడిచాయి. మిష్రిఫ్‌లో, సబా అల్ సలేంలో విల్లాలు కట్టాం. కొందరు యజమానులు మాతోబాటే నేల మీద కూర్చొని తిన్నారు. ఒకాయన మాత్రం తాంబాళం పంపించి తాను కారులోనే కూర్చున్నాడు. మేస్త్రీ మనిషిని పంపి ఆయన్ని దింపించాకే తినడానికి కూర్చున్నాడు. “ఇల్లుగలోడు ల్యాకుండా తింటే అది హోటల్‌కూడు అబ్బీ” అన్నాడు నాతో. ఆ యజమాని దిగొచ్చి, తన పొడుగు తెల్ల దిష్దాషా మడతలు సర్దుకుంటూ, ఏమీ అర్థం కాకుండానే మా మధ్య కూర్చున్నాడు. తర్వాత చాలా రోజులు మేస్త్రీని ఆయనే పేరు పెట్టి పిలిచి టీ ఇప్పించేవాడు.

అప్పటిదాకా ఊరు పక్కలకు పెరిగేది. యుద్ధం అయిపోయి కొన్నేళ్లు గడిచాక పైకి పెరగడం మొదలైంది. మొదట ఒక క్రేన్ కనబడింది, తర్వాత ఎటు చూసినా క్రేన్లే. మేము పైగది వేసిన ఇళ్లు, మేము తిన్న వాకిళ్లు ఒక్కొక్కటే నేలమట్టమయ్యాయి. పడగొట్టిన స్థలం కొన్నాళ్లు కార్లు నిలిపే మైదానంగా ఉంటుంది. ఒకరోజు చుట్టూ రేకులు కడతారు, రేకుల మీద రాబోయే టవర్ బొమ్మ వేస్తారు. ఆ బొమ్మలో చెట్లుంటాయి, నవ్వే పిల్లలుంటారు. కట్టేవాడు ఒక్కడు కూడా ఉండడు. నేను ప్రతి బొమ్మలోనూ వెతికాను కాబట్టి చెబుతున్నాను.

రేగుచెట్టు ఇంటి స్థలానికీ రేకులు కట్టారు. ఆ పని కూడా మా మేస్త్రీ గుంపుకే పడింది. అప్పటికి నేనింకా ఆయన దగ్గరే ఉన్నాను. పునాది తవ్వుతుంటే మట్టిలో వేళ్లు పైకి వచ్చాయి. మేస్త్రీ ఒక వేరు విరిచి వాసన చూశాడు. “మన రేగుచెట్టే అబ్బీ. తిన్నచోటికే వచ్చినాం” అన్నాడు. ఆ రోజంతా ఉషారుగా ఉన్నాడు.

ఆ టవర్ ఎలా కట్టామో నేను చెబితే గొప్ప చెప్పుకున్నట్టుంటుంది. ఎండాకాలంలో కాంక్రీటులో మంచుముక్కలు కలిపి పోసేవాళ్లం. గాలిదుమ్ము లేస్తే క్రేన్ ఆగేది, మేము అంత ఎత్తున ఒకరి నడుము ఒకరు పట్టుకుని కూర్చునేవాళ్లం. అంతస్తు మీద అంతస్తు ఎక్కాం. కట్టినన్నాళ్లూ మేస్త్రీ ఒకే మాట అడిగేవాడు: “దీనికి ఇల్లుగలోడు యారు?” ఇంజనీరు ఒక కంపెనీ పేరు చెప్పేవాడు. కంపెనీ వెనక ఎవరంటే ఇంకో కంపెనీ పేరు చెప్పేవాడు. ఆఖరి స్లాబ్ పోసిన రోజు ఎవరూ రాలేదు. తాంబాళం రాలేదు. మేస్త్రీ సాయంత్రందాకా పైనే ఉన్నాడు. అద్దాలు బిగించకముందే మమ్మల్ని వేరే సైటుకు పంపేశారు. ప్రారంభం రోజు దీపాలు, బాణసంచా నేను జలీబ్‌లో మా రూము మేడమీదనుంచి చూశాను.

ఇప్పుడు ఆ టవర్ నా బతుకులో రోజూ ఉంటుంది. పొద్దున మా బిల్డింగ్‌కు రావలసిన ఎండను అది ఆపేస్తుంది. మధ్యాహ్నం దాని అద్దాల్లో పడిన ఎండ విరిగి వచ్చి, ఏనాడూ వెలుతురు చూడని నా కింది గదిలో పడుతుంది. అద్దం ఎండకు బట్టలు ఆరవు, కళ్లు మాత్రం మండుతాయి.

మేస్త్రీకి వయసు మీదపడ్డాక ఆయన కఫీల్, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఇఖామా, ఎవరి పేరున ఉందో ఆ యజమాని, ఆయన్ని ఊరికి దూరంగా కబ్ద్‌లోని తోటకు పంపాడు. అంత ఎత్తు మేడలు లేపిన మనిషి అక్కడ మేకలకు గోడలు కడుతూ వచ్చాడు. నేను బాధపడితే ఆయనే ఓదార్చేవాడు. “మేకలు నయం అబ్బీ. గోడ కడ్తాండంగానే వచ్చి చేతిలో గడ్డి తింటాయి. తిన్యాంక మొగం చూస్తాయి.”

ఈ చలికాలం మొదట్లో ఫోన్ చేశాడు. ఇఖామా ఇక కొత్తది చేయనని కఫీల్ చెప్పాడట. ఖలాస్, ఇంటికి పోవడమే. వాన కురిసి దుమ్ము అణిగిన రోజు కబ్ద్ నుంచి ఊరి టవర్లు పుల్లల మాదిరి కనబడతాయట. ఆ రోజు అలా కనబడ్డాయట.

“నేను ఈ దేశంలో తిన్న ఇండ్లన్నీ పడగొట్టినారు అబ్బీ. విల్లాలు కూడా పగలగొట్టి కొత్తవి కట్టుకున్నారు. తినని ఇల్లు ఒకటే మిగిలింది. అది రోజూ నన్నే చూస్తాంది. పొయ్యేలోపల ఆడ ఒక పూట తినల్ల. ల్యాకుంటే పని ఎగ్గొట్టి పోయినట్టుంటాది నాకు.”

నాకు కోపం ఆగలేదు. ఆయన మీద కాదు. ఇంత కాలం ఆ అద్దాల ఎండలో కూర్చొని ఈ మాట నాకెందుకు తోచలేదని, తోచినవాడు దీన్ని అంత మెల్లగా ఎందుకడిగాడని.

నేనే అర్జీ రాశాను. నా పేపర్ ఇంగ్లీషులో, తప్పులున్నా అర్థమయ్యేలా: ఈ టవర్ కట్టిన మా మేస్త్రీకి లోపల ఒక పూట అన్నం పెట్టవలెను. అంతే రాశాను. ఎందుకో రాయలేదు. మా ఊళ్లో ఎందుకో చెప్పనక్కర లేదు.

టవర్ నిర్వహణ చూసే ఆఫీసులో మన తెలుగు ఆయన ఒకరున్నారని విని ఆయన చేతికే ఇచ్చాను. కృష్ణా జిల్లా మాట. చదివి, కుర్చీ చూపించి, టీ తెప్పించాడు. మర్యాద తెలిసిన మనిషే.

“చూడండి పెద్దాయనా, విజిటర్ అంటే లోపల ఎవరో ఒక ఆఫీసువాళ్లు పిలవాలండి. వాళ్ల పేరుమీద కార్డు వస్తుంది. మిమ్మల్ని పిలిచేవాళ్లు ఎవరున్నారు?”

“కట్టినోడు విజిటర్ ఎట్లయితాడు సార్?”

ఆయన నవ్వి ఫోన్ తీశాడు. ఇక్కడికి వచ్చేముందు అమెరికాలో ఇలాంటి టవర్లే చూసుకునేవాడట. ఒక బొమ్మలో నది, ఒడ్డున ఒకే ఒక ఎత్తు బిల్డింగ్. పక్క బొమ్మలో అదే నది, ఈనిన పొలంలాగా టవర్లు, మధ్యలో క్రేన్లు.

“ఇది ఆస్టినండి. నేను దిగినప్పుడు అలా ఉంది, వచ్చేసేటప్పటికి ఇలా అయింది. డాలస్ కూడా అంతే. ఆస్టిన్‌లో మా ఆఫీసు కిటికీలోంచి కనబడే కొండలు రెండేళ్లలో కనబడకుండా పోయాయి.”

“బాగుండాది. ఆడ కట్టినోళ్లకు యారు అన్నం పెట్టినారు?”

“మెక్సికో వాళ్లు ఎక్కువండి. ఎవరి డబ్బా వాళ్లే తెచ్చుకునేవారు.”

“అయిపోయినాంక?”

ఆయన ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. “అయిపోయాక నాకు తెలీదండి. నేను ఎప్పుడూ అయిపోయాకే చేరతాను” అన్నాడు. అర్జీ పైవాళ్లకు పంపిస్తానని మాటిచ్చాడు. పంపించాడు కూడా.

కొన్నాళ్లకు కింది సెక్యూరిటీనుంచి నాకు ఫోన్ వచ్చింది. మీ పని అయింది, మీ మనిషిని తీసుకుని మధ్యాహ్నం రండి అన్నారు. నేను వెంటనే కబ్ద్‌కు ఫోన్ చేశాను. మేస్త్రీ నీళ్ల ట్యాంకర్ లారీలో వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, గడ్డానికి కొత్తగా పెట్టిన గోరింట. నేను మా పద్ధతి మరవలేదు. సూక్‌లో, అంటే ఇక్కడి బజారులో, ఒక కొత్త పంచె కొని కవర్లో పెట్టుకున్నాను. పైన వాళ్లు వేయకపోతే నేనే వేద్దామని.

అద్దాల తలుపు దానంతట అదే తెరుచుకుంది. చలువరాయి మీద మా నీడలు కనబడ్డాయి. మేస్త్రీ పైకప్పు వైపు చూశాడు. “దీని మీద మన చెక్కల గీతలుండాల. ఏందో అతికించి మూసేసినారు” అన్నాడు మెల్లగా.

సెక్యూరిటీ మనిషి బల్ల కిందనుంచి ఒక కవర్ తీసి మా ముందు పెట్టాడు. రెండు బిరియానీ పొట్లాలు, రెండు ప్లాస్టిక్ చెంచాలు, రెండు నీళ్ల సీసాలు. పైవాళ్లు నా అర్జీ చదివి, ఇద్దరు ముసలివాళ్లు ఆకలితో ఉన్నారనుకున్నారు. “ఎప్పుడు ఆకలైనా వచ్చి అడగండి” అని హిందీలో దయగానే చెప్పాడు. చెప్పి, బయట తినమని తలుపు వైపు చెయ్యి చూపించాడు.

నేను ఏదో అరవబోయాను. మేస్త్రీ నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టు ఇంకా సెంట్రింగ్ పట్టే. పొట్లాలు రెండు చేతులతో తీసుకుని, నేల తుడుస్తున్న బెంగాలీ మనిషికి ఇచ్చాడు. “తిను నాయనా. వేడిగా ఉండాది” అన్నాడు తెలుగులోనే. ఆ మనిషి తీసుకున్నాడు.

బయట మెట్ల మీద అడిగాను, ఎందుకు నన్ను ఆపావని.

“అన్నాన్ని తిట్టగూడదు అబ్బీ. వాళ్లు తప్పు చేయల్యా. ఆకలైనోడికి పెట్టినారు. నేను ఆకలై పోల్యా గదా.”

మా బిల్డింగ్‌లో సంగతి తెలిసింది. మూడో అంతస్తులో ఉండే సేల్స్‌మన్ ఒకడు దారి చెప్పాడు. “టవర్ పైన రెస్టారెంటుంది కదా మేస్త్రీ, తలా కొంచెం వేసుకుంటాం, బుక్ చేసుకుని దర్జాగా పోయి తినండి. ఎవడు ఆపుతాడు?”

“దుడ్లిచ్చి తింటే గిరాకీనయితా. నేను మేస్త్రీని” అన్నాడు ఆయన. “పెండ్లికూతురు తన పెండ్లికి టికెట్టు కొనుక్కోని పోతాదా రా?”

సేల్స్‌మన్‌తో సహా అందరూ నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు. నవ్వుతూనే తలుపు వైపుకు తిరిగి చెప్పులు వేసుకున్నాడు. పోయేముందు నాతో అన్న మాట అప్పటినుంచి నన్ను నిలవనివ్వలేదు. “యార్ని అడిగేది అబ్బీ. దానికి ఇల్లుగలోడే లేడు.”

ఆ పంచె కవర్ నా గదిలో మేకుకు వేలాడుతూ ఉండిపోయింది. మధ్యాహ్నం అద్దం ఎండ సరిగ్గా దాని మీదే పడేది. అలా చూస్తూ ఉన్న ఒక మధ్యాహ్నం నాకు తోచింది. టవర్‌కు ఇల్లుగలవాడు లేకపోవచ్చు, ఆ నేలకు ఒకప్పుడు ఇల్లుగలావిడ ఉండేది. తలుపు వెనక గొంతు. వాళ్లు ఇల్లు అమ్మి మిష్రిఫ్ వైపు వెళ్లారని అప్పట్లో విన్నాం. ఉందో లేదో తెలియదు.

మనుషుల్ని వెతకడానికి ఈ ఊళ్లో పోలీసుల కంటే మన ఆడవాళ్లు మేలు. శుక్రవారం సెలవు దొరికిన ఇంటిపని ఆడవాళ్లు మా మేడమీద చేరతారు. తలలు దువ్వుకుంటారు, ఊరికి ఫోన్లు చేసుకుంటారు, తమ తమ మామాల గురించి చెప్పుకుంటారు. మామా అంటే వాళ్లు పనిచేసే ఇంటి యజమానురాలు. నేను వాళ్ల మధ్యకు పోయి చెప్పాను. షర్గ్‌లో రేగుచెట్టు ఇల్లు, పైగదికి బయటినుంచి మెట్లు, ఇప్పుడు బాగా ముసలావిడ అయి ఉండాలి.

“అడిగితే మా మామా ఏమనుకుంటాదో పెదనాయనా. చెట్ల గురించి అడిగితే పిచ్చిదనుకుంటాది” అంది ఒకామె.

“నిన్ను ఇప్పుడు తెలివైనదనుకుంటాందా ఏంది?” అంది పక్కనున్నామె, జడ అల్లుతూ.

అయినా అందరూ అడిగారు. మామాలు తమ అక్కచెల్లెళ్లను అడిగారు. మరి రెండు శుక్రవారాలకు లక్కిరెడ్డిపల్లె వైపు ఆమె ఒకతి మెట్లెక్కి వస్తూనే చెప్పింది. మిష్రిఫ్‌లో తాను పనిచేసే వీధిలోనే, నాలుగిళ్ల అవతల, కర్ర పట్టుకుని నడిచే ఒక ముసలి మామా ఉంది. కొడుకు ఇంట్లో ఉంటుంది. షర్గ్‌లో తన పాతింటి వాకిట్లో తిన్న రేగుపళ్లంత తీపి ఇప్పుడు దేంట్లోనూ లేదని పనివాళ్లతో ఎప్పుడూ తగువు పడుతుంది.

ఈసారి నేను అర్జీ రాయలేదు. కాగితం మీద రాస్తే ఏమవుతుందో చూశాను. లక్కిరెడ్డిపల్లె ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదటినుంచి చెప్పాను. పంచె సంగతి, విస్తరి సంగతి, తాంబాళం లేచి వచ్చిన సంగతి, బల్ల కింది పొట్లాల సంగతి. మేస్త్రీ ప్రయాణం దగ్గర పడిందని కూడా చెప్పాను. ఎందుకు తినాలో ఆ మామాకు ముందు చెప్పు, ఏమి తినాలో తర్వాత అన్నాను.

వారం నడుస్తుంటే నేను రోజూ టవర్ వైపు చూసేవాణ్ణి. అద్దాలు తుడిచేవాళ్లు తాళ్లకు వేలాడే తొట్టిలో పైనుంచి దిగుతూ వచ్చేవాళ్లు. వాళ్లు కూడా లోపలికి బయటినుంచే చూస్తారు.

మేస్త్రీకి ఏమీ చెప్పలేదు. మళ్లీ ఇస్త్రీ చొక్కా వేసుకుని రమ్మనే ధైర్యం నాకు లేకపోయింది.

గురువారం సాయంత్రం లక్కిరెడ్డిపల్లె ఆమె ఫోన్‌లో మాట పంపింది. గది తలుపు వేసుకుని విన్నాను. వెంటనే కబ్ద్‌కు ఫోన్ చేసి, నా మాట ఒక్కటీ కలపకుండా మేస్త్రీకి అదే వినిపించాను.

“పెదనాయనా, ఆ ముసిలి మామాకు అంతా చెప్పినా. మొదుట నవ్వింది. ‘ఆ ఉస్తాద్ ఇంగా బతికుండాడా? ఆయప్ప కట్టిన మెట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. వాటిమింద జారే నా మోకాలు పోయింది’ అనింది. మళ్లా తన సంగతి చెప్పింది. పోయిన సలికాలం తన వాకిలి యాడుండేదో సూడల్లని ఆ టవర్ కాడికి పోయిందంట. కింద కూచోబెట్టి, లోపల నిన్ను పిలిచినోళ్లు యారని అడిగినారంట. సల్లగ లేసి ఇంటికొచ్చేసిందంట. ఇప్పుడు నీకు ఏమి చెప్పమనిందో మాటకు మాట చెప్తాండా, ఇను. ‘ఉస్తాద్‌ను రేపు నమాజ్ అయినాంక మిష్రిఫ్‌కు పిల్చుకోని రమ్మను. ఆ మేడలో నాకూ చోటు ల్యా, ఆయనకూ ల్యా. ఇల్లు పడగొట్టినారు గానీ ఇంటిదాన్ని నేనింగా ఉండా. ముందు ఆయన తినల్ల, ఆ తర్వాతే మేము.’”